మేకతల్లి గొంతు

2003లో పర్చూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డు మీద ఒక పత్తి మిల్లు ఉండేది. అందులో గింజ నుంచి దూది విడదీసే జిన్నులు పన్నెండు. పదకొండో జిన్నుకు పత్తి అందించే పని వెంకటేశ్వరమ్మది, పక్కన పన్నెండోది ఖైరున్నీసాది. వెంకటేశ్వరమ్మ వయసు యాభై రెండు. పనిలో చేరి పంతొమ్మిదేళ్లు. పొద్దున ఎనిమిదింటికి మోటార్లు వేస్తే సాయంత్రం అయిదింటికి ఆపేవాళ్లు. ఆ తొమ్మిది గంటల్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి రెండే పద్ధతులు. దూరంగా ఉంటే పెదవులు చూసి మాట తెలుసుకోవాలి. దగ్గరగా ఉంటే చెవికి నోరు ఆనించి అరవాలి.

ఇంటికి వచ్చాక కూడా ఆమె రెండో పద్ధతిలోనే మాట్లాడేది.

కొడుకు త్రినాథ్ ట్రాక్టరు తోలేవాడు. కోడలు లక్ష్మీదుర్గది కొత్తపట్నం. మనవరాలు భవ్యకు మూడేళ్లు నిండి రెండు నెలలు. నాయనమ్మ తనను పేరు పెట్టి పిలిస్తే భవ్య ఏడ్చేది. అన్నం తిన్నావా అని అడిగితే ఏడ్చేది. సంతలో కొన్న గాజులు చూపిస్తే గాజులు తీసుకుని, అమ్మ చీర కుచ్చిళ్లలో తల దాచుకుని ఏడ్చేది.

"అత్తా, కొంచెం మెల్లగా అడుగు," అనేది లక్ష్మీదుర్గ.

"మెల్లగానే గదే అడిగింది! అన్నం తిన్నావా అన్నా!"

"నేను తిన్నానమ్మో," అని గోడ అవతల నుంచి సర్దార్‌బీ జవాబు చెప్పేది. ఆమెది పక్కిల్లు.

ఏప్రిల్ నుంచి లక్ష్మీదుర్గ పొగాకు రకాలుగా ఏరే గ్రేడింగుకు వెళ్లాలి. నాలుగు నెలల పని. పొద్దున ఆరున్నర బస్సు ఎక్కితే చీకటి పడే వేళకు తిరిగి వస్తుంది. మార్చి ఆఖరుకు మిల్లు మూసేస్తారు కాబట్టి ఆ నాలుగు నెలలూ వెంకటేశ్వరమ్మ ఇంట్లోనే ఉంటుంది. కానీ భవ్య ఆమె దగ్గర పావుగంట కూడా ఉండదు. అందుకని ఉగాది వెళ్లగానే పిల్లను కొత్తపట్నంలో అమ్మమ్మ దగ్గర వదిలి రావాలని త్రినాథ్, లక్ష్మీదుర్గ అనుకున్నారు. ఆ సంగతి అత్తకు చెప్పేటప్పుడు లక్ష్మీదుర్గ నేల చూస్తూ చెప్పింది.

"పంపిచ్చండి. పిల్ల ఏడవకుండా ఉంటే అదే చాలు," అంది వెంకటేశ్వరమ్మ. అది కూడా మూడిళ్లకు వినిపించింది.

మిల్లుకు ఎదురుగా హయాత్ మైక్ సెట్ దుకాణం. పెళ్లిళ్లకు, తిరనాళ్లకు, సభలకు మైకులు పెట్టడం అతని వ్యాపారం. ఆ ఫిబ్రవరిలో విజయవాడలో విసిడిలు అమ్మే కంపెనీ ఒకటి అతనికి పిల్లల బొమ్మల సినిమా పంపింది. సినిమా ఇంగ్లీషులో ఉంది. అందులో మూడు పాతకాలపు కథలు. ప్రతి కథ చివరా పిల్లలకు ఒక మంచిమాట. ముందు ఒక కథకు తెలుగు మాటలు పెట్టి పంపమన్నారు. అది బాగుంటే మిగతా రెండూ అతనికే ఇస్తామన్నారు.

మొదటిది మేక కథ. తల్లి మేక ఐదుగురు పిల్లల్ని ఇంట్లో ఉంచి, ఎవరొచ్చినా తలుపు తీయొద్దని చెప్పి మేతకు వెళుతుంది. తోడేలు వచ్చి తలుపు తట్టి, నేను మీ అమ్మను అంటుంది. గొంతు గరుకుగా ఉంది, నువ్వు మా అమ్మవు కాదు అంటాయి పిల్లలు. తోడేలు వెళ్లి తేనె తాగి, గొంతు మెత్తన చేసుకుని మళ్లీ వస్తుంది. ఈసారి తలుపు తెరుచుకుంటుంది. తోడేలు పిల్లల్ని గోతంలో వేసుకుని పోతుంటే తల్లి ఎదురుపడి విడిపించుకుంటుంది. తోడేలు తప్పు ఒప్పుకుంటుంది. మొత్తం పదమూడు నిమిషాలు.

మాటలు రాసింది హయాత్ భార్య ఖుర్షిదా. ఆమె ప్రైవేటు బడిలో మూడో తరగతి టీచరు. బొమ్మ నోరు ఎన్నిసార్లు తెరుచుకుంటే అన్ని అక్షరాలు వచ్చేటట్టు వేళ్ల మీద లెక్కపెట్టి రాసింది. మేకపిల్లల మాటలు తన తరగతి పిల్లలతో బడిలోనే ముందుగా చెప్పించింది. తోడేలు యలమంద. అతను ఆటోకు మైకు కట్టుకుని ఊళ్లు తిరిగి ఎరువుల కొట్లకు, సినిమాలకు ప్రచారం చేసే మనిషి.

దుకాణం ముందు రోడ్డు మీద లారీల మోత ఆగదు. రికార్డింగుకు చోటు కోసం హయాత్ మూడు ఇళ్లు, ఒక చర్చి చూశాడు. నాలుగోది మిల్లులో పత్తి నొక్కి కట్టిన బేళ్లు పెట్టే గోడౌను. లోపలికి వెళ్లి చప్పట్లు కొట్టాడు. శబ్దం చేతుల దగ్గరే ఆగిపోయింది. నాలుగు వైపులా తలకు రెండింతల ఎత్తున పత్తి బేళ్లు పేర్చి ఉన్నాయి. మధ్యలో మంచం పట్టే జాగా.

"ఆదివారం జిన్నులు ఆడవు. ఆ రోజు వాడుకో," అన్నాడు గుమాస్తా అంకమ్మరావు. "బీడీ ముట్టించారంటే నా ఉద్యోగం పోద్ది. ఆ యలమంద జేబులు తడిమి పంపిస్తా. తాళాలు పట్టుకుని వెంకటేశ్వరమ్మ కూర్చుంటది."

ఫిబ్రవరి పదహారు ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నలుగురూ గోడౌనులోకి వెళ్లారు. హయాత్ మిక్సరు, టేప్ డెక్, విసిడి ప్లేయరు, పధ్నాలుగు అంగుళాల టీవీ తెచ్చాడు. వెంకటేశ్వరమ్మ తాళాల గుత్తి ఒళ్లో పెట్టుకుని ఒక బేలు మీద కూర్చుంది.

తల్లి మేకకు ఖుర్షిదానే చెప్పాలని అనుకున్నారు. ఆమె మొదటి మాట చెప్పింది. "పిల్లలూ, నేను వచ్చేవరకు తలుపు తీయకండి."

హయాత్ టేపు వెనక్కి తిప్పి వినిపించాడు.

"టీచరుగారూ," అన్నాడు యలమంద, "మీరట్టా అంటే మేకపిల్లలు చేతులు కట్టుకుని ఎక్కాలు అప్పజెప్తాయండి."

"నువ్వు మాత్రం? తలుపు తట్టి యూరియా వచ్చింది రారండి అన్నట్టు పిలుస్తున్నావు," అంది ఖుర్షిదా.

ఇంకో మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ పాఠం లాగే ఉంది. ఆమె కాగితం మడిచి పక్కన పెట్టింది.

"నేను చెప్తా," అంది వెంకటేశ్వరమ్మ బేలు మీద నుంచి.

యలమంద నవ్వాడు. "వదినా, నువ్వు చెప్తే మైకెందుకు? ఇక్కణ్ణించి అరిస్తే విజయవాడలోనే టేపు మీదికి ఎక్కించుకుంటారు."

ఆమె నవ్వలేదు. "హయాతూ, మా భవ్య టీవీలో రాకాసి బొమ్మ వచ్చినా నవ్వుద్ది. నన్ను చూస్తే ఏడుస్తది. ఉగాది కాగానే కొత్తపట్నం పంపిస్తన్నారు. టీవీలోంచి నా గొంతు ఇంటే దానికి అలవాటు కాదంటావా?"

ఖుర్షిదా మైకు ముందు నుంచి పక్కకు జరిగింది.

"రా అక్కా," అంది ఖుర్షిదా.

వెంకటేశ్వరమ్మ వచ్చి మైకు ముందు నిలబడింది. ఆమెకు చదువు రాదు కాబట్టి ఖుర్షిదా ఒక్కో మాట చెవిలో చెప్పింది. హయాత్ చెయ్యి ఊపాడు. వెంకటేశ్వరమ్మ ముందుకు వంగి, మైకును రెండు చేతులతో పట్టుకుని, దానికి నోరు ఆనించి, "పిల్లలూ!" అంది.

హయాత్ తలకున్న హెడ్‌ఫోన్లు లాగి కింద పడేశాడు. మిక్సరు మీద శబ్దం కొలిచే ముల్లు ఎర్రగీత దాటి చివర తగిలి అక్కడే నిలబడింది.

"వదినా, అది మైకు," అన్నాడు యలమంద. "పన్నెండో జిన్ను దగ్గర ఖైరున్నీసా చెవి కాదు."

మైకును మూరెడు వెనక్కి జరిపారు. తర్వాత బారెడు జరిపారు. తర్వాత ఒక బేలు అవతల పెట్టారు. ముల్లు ఎర్రగీత దిగలేదు. మెల్లగా అక్కా అని హయాత్ చెప్పాడు. మెల్లగానే చెప్తున్నా అని ఆమె అంది. తొమ్మిదిసార్లు అయింది. పదోసారి ఆమె నోరు తెరవకుండానే చెయ్యి అడ్డంగా ఊపింది.

"వద్దులే హయాతూ. నా గొంతే అంత. పిల్ల తప్పేముంది," అని బేలు వైపు తిరిగింది.

ఆమె వెనక నుంచి ఖుర్షిదా, "అక్కా, ఆగు," అంది. వెంకటేశ్వరమ్మ ఆగలేదు. ఖుర్షిదా మళ్లీ పిలిచింది. ఆమె తిరిగి చూడలేదు. బేలు మీద కూర్చుని తల ఎత్తాక ఖుర్షిదా పెదవులు చూసి, "ఏందమ్మా?" అంది.

ఖుర్షిదా భర్త వైపు చూసింది. హయాత్ కింద పడిన హెడ్‌ఫోన్లు తీసి దుమ్ము తుడిచాడు. అతని దగ్గర ఉన్నది ఆ ఒక్క జతే. వాటిని వెంకటేశ్వరమ్మ చెవులకు పెట్టాడు. మైకు ఆమె ముందుకు తెచ్చి, ఆమె గొంతు ఆమె చెవులకే తిరిగి వచ్చే బటను చివరిదాకా తిప్పాడు.

"ఇప్పుడు చెప్పు," అని సైగ చేశాడు.

"పిల్లలూ!" అంది. ఉలిక్కిపడింది. గోడౌను తలుపు వైపు చూసింది. "ఎవరే ఆ అరిచేది?"

హయాత్ ఆమె వైపు వేలు చూపించాడు.

"నేనా?"

ఆ మాట కూడా చెవుల్లో పడింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొంచెం తగ్గించి, "నేనా?" అంది. ఇంకొంచెం తగ్గించి, "నా గొంతు ఇట్టా ఉంటదా?" అంది. ముల్లు ఎర్రగీత దిగి మధ్యకు వచ్చి ఆగింది.

"అమ్మ నా తల్లే," అంది వెంకటేశ్వరమ్మ తనలో తాను. "పిల్ల ఏడవక ఏం చేస్తది."

అక్కడి నుంచి పని నడిచింది. చెవులు మూసి ఉన్నాయి కాబట్టి ఖుర్షిదా మాట అందించడం ఎలా అని మొదట అనుకున్నారు. దానికి వెంకటేశ్వరమ్మే దారి చెప్పింది. "నువ్వు పెదాలు ఆడియ్యమ్మా. నేను చూసి చెప్తా." ఖుర్షిదా మైకు పక్కన నిలబడి గొంతు రాకుండా మాట ఆడించేది. వెంకటేశ్వరమ్మ ఆ పెదవులు చూస్తూ, మరో కంటితో టీవీలో మేక నోరు చూస్తూ అదే క్షణంలో మాట కలిపేది. కాగితం చప్పుడు లేదు, అందించే మనిషి గొంతు టేపులో పడలేదు. పంతొమ్మిదేళ్లు మిల్లులో చేసిన పని అది. పెళ్లి వీడియోలకు మాటలు పెట్టేటప్పుడు ఇంత సుఖంగా ఎప్పుడూ జరగలేదన్నాడు హయాత్.

"పిల్లలూ, నేను వచ్చేవరకు తలుపు తీయకండి," అని మేకతల్లి చెప్పింది. పిల్లను నిద్రపుచ్చి లేవబోయే తల్లి చెప్పినట్టు ఉంది. యలమంద నోట్లో పెట్టుకున్న వక్క నమలడం ఆపాడు.

పన్నెండింటికి ఆఖరి ఘట్టం వచ్చింది. తోడేలు గోతం భుజాన వేసుకుని పోతుంటుంది, తల్లి ఎదురుపడుతుంది. ఖుర్షిదా రాసిన మాట ఆడించింది. వెంకటేశ్వరమ్మ చెప్పకుండా హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఏమన్నావమ్మా?"

"'తోడేలా, ఇతరులను మోసం చేయడం తప్పు కదా,'" అంది ఖుర్షిదా.

"పిల్లల్ని గోతంలో ఏసుకుపోతుంటే తప్పు కదా అంటదా?"

"ఇది పిల్లల సినిమా అక్కా. మంచిమాట చెప్పాలి."

"మంచిమాట ఆనక చెప్పుద్దిలే. ముందు గోతం దింపిచ్చాలా వద్దా? నీ పిల్లల్ని ఈ యలమంద గోతంలో ఏసుకుపోతే నువ్వేమంటావ్?"

ఖుర్షిదా ఆలోచించింది. "అది రాయలేం," అంది.

"నన్నెందుకు ఇరికిస్తారండి," అన్నాడు యలమంద.

హయాత్ బొమ్మను వెనక్కి తిప్పి చూశాడు. ఆ ఘట్టంలో ఎనిమిది సెకన్లు మేక వీపు మాత్రమే కనిపిస్తుంది. నోరు కనిపించదు. ఏ మాట పెట్టినా సరిపోతుంది. "నీ ఇష్టం అక్కా," అన్నాడు.

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. కొంగు నడుముకు దోపింది. టీవీలో తోడేలు రాగానే, "ఒరేయ్ తోడేలా! దింపరా గోతం! దింపుతావా, నీ తోలు ఒలిచి గుమ్మానికి కట్టమంటావా! నా పిల్లల జోలికొస్తావంట్రా నువ్వు!" అంది.

యలమంద వెనక్కి అడుగు వేసి బేలుకు తగిలాడు. తోడేలు ఆ చోట చెప్పాల్సిన మాట "అయ్యో, నన్ను క్షమించు". అతను కాగితం చూడకుండా చెప్పాడు. ఆ రోజు మొత్తంలో ఆటో ప్రచారం లాగా లేని మాట అదొక్కటేనని ఖుర్షిదా తర్వాత అందరికీ చెప్పింది. బయట గేటు దగ్గర నుంచి అంకమ్మరావు ఏమైంది ఏమైంది అంటూ పరిగెత్తుకొచ్చాడు.

టేపు వింటే ఆ ఎనిమిది సెకన్లూ గొంతు పగిలినట్టు ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ తీద్దామన్నాడు హయాత్. కానీ బుధవారం లారీలు వచ్చి బేళ్లన్నీ ఎత్తుకుపోయాయి. గోడౌనులో చప్పట్లు కొడితే మూడుసార్లు తిరిగి వినిపించింది. టేపు ఉన్నది ఉన్నట్టే విజయవాడ పంపారు.

ఆ నెల రోజులూ వెంకటేశ్వరమ్మ ఇంట్లో మెల్లగా మాట్లాడే ప్రయత్నం చేసింది. హెడ్‌ఫోన్లు లేకపోతే ఎంత తగ్గించాలో ఆమెకు అందలేదు. ఎక్కువ తగ్గిస్తే పెదవులే కదిలేవి.

"అత్తా, ఇప్పుడు అసలుకే ఇనపడట్లా," అనేది లక్ష్మీదుర్గ.

"ఆరోగ్యం బాగుందా వదినా? నాలుగు రోజులై నన్ను అన్నం తిన్నావా అని అడగలా," అనేది సర్దార్‌బీ.

కొంచెం పెంచితే భవ్య ఏడ్చేది. మార్చి ఇరవై తర్వాత లక్ష్మీదుర్గ పిల్ల బట్టలు ఉతికి, మడిచి, సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

విసిడి ఇరవై ఎనిమిదిన వచ్చింది. కేబుల్ నడిపే సిలార్ ఆదివారం, ముప్పయ్యో తేదీ, సాయంత్రం నాలుగింటికి ఊరి ఛానల్లో వేస్తానన్నాడు. హయాత్ వచ్చి ఆ సంగతి చెప్పి వెళ్లాడు. అరుపు దగ్గర గొంతు ఎందుకు పగిలిందని కంపెనీ వాళ్లు అడిగారట. బేళ్లు వెళ్లిపోయాయని చెబితే వాళ్లకు అర్థం కాలేదట. చివరికి అలాగే ఉంచేశారు.

నాలుగింటికి త్రినాథ్ ఇంట్లో పదకొండు మంది ఉన్నారు. భవ్య టీవీకి రెండు మూరల దూరంలో అమ్మ ఒళ్లో కూర్చుంది. వెంకటేశ్వరమ్మ లోపలికి రాలేదు. గడప బయట నిలబడి చూసింది.

తల్లి మేక వచ్చింది. పిల్లలూ, నేను వచ్చేవరకు తలుపు తీయకండి అంది.

"అమ్మా, మేకమ్మ," అంది భవ్య.

"అది మీ నాన్నమ్మే," అంది లక్ష్మీదుర్గ.

"కాదు. మేకమ్మ."

వెంకటేశ్వరమ్మ గడప మీద చెయ్యి ఆనించి కూర్చుంది. తోడేలు రెండుసార్లు తలుపు తట్టింది. వచ్చింది యలమంద బాబాయని తెలిసినా, పదకొండు మందిలో ముగ్గురు పిల్లలు తీయొద్దు తీయొద్దని కేకలు వేశారు. తలుపు తెరుచుకుంది. గోతం భుజానికెక్కింది. తల్లి మేక దారికి అడ్డం వచ్చి వీపు ఇటు తిప్పి నిలబడింది.

"ఒరేయ్ తోడేలా! దింపరా గోతం!"

టీవీ పెట్టె అదిరింది. లక్ష్మీదుర్గ పిల్లను గట్టిగా పట్టుకుంది. భవ్య ఏడవలేదు. టీవీ వైపు చూసింది. తల తిప్పి గడప వైపు చూసింది. మళ్లీ టీవీ వైపు చూసింది. అక్కడ గోతం కింద పడింది. ఐదు మేకపిల్లలు బయటికి దూకాయి. భవ్య అమ్మ ఒళ్లోంచి దిగి గడప దాకా నడిచి, నాయనమ్మకు మూరెడు దూరంలో ఆగింది.

"తోడేల్ని తిట్టావా?" అంది.

వెంకటేశ్వరమ్మకు సరిగా వినపడలేదు. పిల్ల పెదవులు చూసింది. తల ఊపింది.

"నన్ను కాదా?"

ఇంట్లో పదిమందీ టీవీ వదిలి ఇటు చూశారు. వెంకటేశ్వరమ్మ మెల్లగా మాట్లాడాలన్న సంగతి మర్చిపోయింది.

"నిన్ను తిట్టడమేందే నా తల్లీ! నిన్నెందుకు తిడతానే! నేను తిడితే తోడేల్ని తిడతా!"

ఆ మాట వీధి చివర సోడా బండి దాకా వినిపించింది. భవ్య ఏడవలేదు. వెనక్కి తిరిగి గదిలో మూలలు చూసింది, తోడేలు ఎక్కడుందోనని. మంచం కింద కూడా వంగి చూసింది. అక్కడ ఏమీ కనిపించకపోయేసరికి నాయనమ్మ దగ్గరికి వచ్చి ఆమె మోకాలు పట్టుకుని నిలబడింది.

"పోయింది," అంది.

"పోక!" అంది వెంకటేశ్వరమ్మ.

మర్నాటి నుంచి భవ్యకు అదే ఆట. పొద్దున లేవగానే నాన్నమ్మా తోడేలు వచ్చింది అనేది. వెంకటేశ్వరమ్మ తిట్టేది. భవ్య కూడా పక్కన నిలబడి తిట్టేది. బావి దగ్గర తోడేలు, పశువుల కొట్టంలో తోడేలు, త్రినాథ్ ట్రాక్టరు కింద తోడేలు. యలమంద ఆటో ఆ వీధిలోకి వస్తే ఇద్దరూ కలిసి తిట్టేవాళ్లు. అతను మైకులోనే, "నన్ను క్షమించు తల్లీ," అని చెప్పి ముందుకు పోయేవాడు.

"ఒక గొంతుకే చెవులు చాల్లేదు," అంది సర్దార్‌బీ గోడ మీదుగా. "ఇప్పుడు రెండు."

"పిల్లను కొత్తపట్నం పంపిచ్చమంటావా పిన్నీ?" అని అడిగింది లక్ష్మీదుర్గ.

"నేనెప్పుడన్నా? ఉండనీ. పొద్దున్నే అలారం అక్కర్లేకుండా ఉంది."

ఉగాది అయిన ఐదో రోజు, ఏప్రిల్ ఏడు సోమవారం, లక్ష్మీదుర్గ గ్రేడింగుకు బయల్దేరింది. పిల్ల ఏడుస్తుందేమోనని గుమ్మం దగ్గర కాసేపు ఆగింది. భవ్య ఆమె వైపు చూడలేదు. నాయనమ్మ చెయ్యి పట్టుకుని గడ్డివాము వైపు లాగుతోంది. అక్కడ ఏదో కదిలిందట. లక్ష్మీదుర్గ అన్నం క్యారియరు తీసుకుని బస్సు ఆగే చోటికి నడిచింది. అది ఇంటి నుంచి రెండు ఫర్లాంగులు. ఆరున్నర బస్సు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ పది నిమిషాలూ ఆమెకు రెండు గొంతులూ వినిపిస్తూనే ఉన్నాయి.

"ఎవరమ్మా అట్టా పోట్లాడుకుంటన్నారు?" అని అడిగాడు కండక్టరు.

"మా ఇంట్లోనే," అని లక్ష్మీదుర్గ నవ్వుతూ బస్సు ఎక్కింది.